మిషన్ చవకే, బ్యాటరీయే ప్రియం

దసరా వచ్చిందంటే మా రోజుల్లో పనిముట్లు తుడిచి, నూనె రాసి, పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు దసరా వచ్చిందంటే పనిముట్లు కొంటున్నారు. పూజ మాట దేవుడెరుగు, ఆ నవరాత్రులూ ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని 60 శాతం తగ్గింపు, 70 శాతం తగ్గింపు అంటూ ఒకటే జపం. మా అల్లుడు గారు కిందటి దసరాకి అలా జపం చేసి ఒక బ్యాటరీ డ్రిల్లు తెప్పించారు. పేరెన్నడూ వినని కంపెనీ. ప్లాస్టిక్ పెట్టె, అందులో అచ్చుల్లో కూర్చోబెట్టిన నూటొక్క సామాన్లు, డ్రిల్లు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పెద్ద అక్షరాలతో 48 అని ఒక అంకె.

"చూశారా మావయ్య గారూ, పెద్ద కంపెనీల వాటికి 18 వోల్టులేనండీ. ఇది 48. ధరేమో వాటిలో సగం కూడా లేదు" అన్నారు.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాణ్ణి. అల్లుణ్ణి పట్టుకుని "మిమ్మల్ని మోసం చేశారు బాబూ" అనలేం కదా. "బావుందండీ" అన్నాను. అన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఎందుకంటే లెక్క చాలా చిన్నది. ఈ డ్రిల్లుల్లో ఉండేవి లిథియం సెల్లులు. ఒక్కోటి 3.6 వోల్టులు. ఐదింటిని వరసగా కలిపితే 18. నిండా ఛార్జి ఎక్కినప్పుడు ఒక్కోటి 4.2 దాకా పోతుంది, అప్పుడు మొత్తం 21. నిజంగా 48 వోల్టుల బ్యాటరీ కట్టాలంటే 13 సెల్లులు వరసగా పేర్చాలి. అల్లుడు గారి డ్రిల్లు పిడి కింద ఉన్న ఆ అరచేతి డబ్బాలో 13 సెల్లులు ఎలా పడతాయి? కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూస్తే 48 పక్కన వీ ఒక్కటే కాదు, వీఎఫ్ అని ఉంది. ఆ ఎఫ్ ఏమిటో అచ్చు వేసినవాడికే తెలియాలి. వోల్టులని మనం అనుకోవాలి, కాదని రేపు వాడు అనగలగాలి, అంతే దాని ప్రయోజనం. బజారులో 88 వీఎఫ్ ఉంది, 128 వీఎఫ్ కూడా ఉంది. విప్పి చూస్తే అన్నింట్లోనూ ఆ ఐదు సెల్లులే.

పెద్ద కంపెనీలు మాత్రం తక్కువ తిన్నాయా? అవి అబద్ధం చెప్పవు, నిజాన్ని కొంచెం సాగదీస్తాయి. అవే ఐదు సెల్లులకి డీవాల్ట్ వాళ్లు అమెరికాలో 20 వోల్టులని రాస్తారు, యూరప్‌లో 18 అని రాస్తారు. 12 వోల్టుల డ్రిల్లు అంటారే, అందులో ఉండేవి మూడు సెల్లులు. మూడు ఆర్లు పద్దెనిమిది, ఒకటి చేతికి, మూడు మూళ్లు తొమ్మిది, ఒకటి పది... 10.8. దాన్ని 12 చేసి అమ్ముతున్నారు. మా రోజుల్లో అర హార్స్‌పవర్ మోటారు అంటే అర హార్స్‌పవర్ మోటారే. దానికి పండగపూట ముప్పావు అయ్యే అలవాటు ఉండేది కాదు.

మా రోజుల్లో అసలు ఇళ్లలో డ్రిల్లు ఎక్కడిది? వడ్రంగి మేస్త్రి దగ్గర బరమా ఉండేది. విల్లు లాంటి కర్రకి తాడు కట్టి, ఆ తాడు బరమాకి ఒక మెలిక వేసి ముందుకీ వెనక్కీ లాగితే గిరగిరా తిరిగి చెక్కలో బెజ్జం పడేది. గోడకైతే ఉలీ సుత్తీ పట్టుకుని బెజ్జం కొట్టి, అందులో టేకు ముక్క దిగ్గొట్టి, చుట్టూ సిమెంటు మెత్తి, అది ఆరాక మర్నాడు స్క్రూ బిగించేవాళ్లం. ఒక అద్దం తగిలించడానికి రెండు రోజులు. ఆ టేకు ముక్క పని చేసే నైలాన్ ప్లగ్గుని ఆర్టర్ ఫిషర్ అనే జర్మన్ ఆయన 1958లోనే కనిపెట్టాడట. మా క్వార్టర్ల గోడల్లోకి అది రావడానికి తరం పట్టింది.

మా క్వార్టర్ల వరస మొత్తానికి ఒకే ఒక్క కరెంటు డ్రిల్లు ఉండేది. రాలీవోల్ఫ్ వాళ్లది, బొంబాయి సరుకు, అల్యూమినియం ఒళ్లు. ఎత్తితే భుజం దిగేది. ఎర్తు సరిగా లేకపోతే షాకు కొట్టేది కాబట్టి చెప్పుల్లేకుండా ఎవరూ దాని జోలికి పోయేవాళ్లు కాదు. దానికి బిట్టు బిగించే చక్ తాళం పోకుండా సైకిల్ ట్యూబు ముక్కతో వైరుకి కట్టి ఉంచేవాళ్లం. అది ఏ ఇంట్లో ఉందో తెలుసుకోవడానికి పిల్లల్ని పంపేవాళ్లం. ఏళ్ల తరబడి తిరిగింది. కార్బన్లు అరిగితే రెండు కార్బన్లు కొనుక్కొచ్చి వేసేవాళ్లం. ఆర్మేచర్ కాలితే కట్టించేవాళ్లం. దాని మీద ఎవరూ వారంటీ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

అలాగని బ్యాటరీ డ్రిల్లు నిన్న మొన్నటి వింతేం కాదు. బ్లాక్ అండ్ డెకర్ వాళ్లు 1961లోనే నికెల్ కాడ్మియం బ్యాటరీతో తీసుకొచ్చారు. 1971లో అపోలో 15లో వెళ్లినవాళ్లు చంద్రుడి నేలలో బెజ్జాలు వేసింది కూడా ఆ కంపెనీ చెయ్యి పడిన బ్యాటరీ డ్రిల్లుతోనే. దింపిన గొట్టం పైకి రాక ఇద్దరూ కలిసి నానా తంటాలూ పడ్డారు. ఆ విషయంలో చంద్రుడికీ మా లాలాగూడ గోడలకీ తేడా లేదు. వాళ్లక్కడ తీగ లేకుండా తవ్వుతున్న రోజున మా వీధిలో తీగ ఉన్నది కూడా రెండోది లేదు, అదీ సంగతి.

ఇక కొనడం. మా రోజుల్లో పనిముట్టు కావాలంటే రాణీగంజ్ పోవాలి. అక్కడ కొట్టువాడు మిషన్ పెట్టెలోంచి తీసి, ప్లగ్గులో పెట్టి, మన చేతికిచ్చి నొక్కమనేవాడు. శబ్దం వింటే బేరింగు సంగతి తెలిసేది. చక్‌లో బిట్టు పెట్టి తిప్పితే వంకర ఉందో లేదో కంటికి కనపడేది. అప్పుడు బేరం. బోణీ వేళకి వెళితే ఒక మాట, సాయంత్రం వెళితే ఒక మాట. ఆ కొట్లు ఇప్పటికీ ఉన్నాయి. నేను చెప్పేదేమిటంటే, ఈ పండగ తగ్గింపుల గొప్ప తెలియాలంటే ముందు రాణీగంజ్‌కి ఫోన్ చేసి ఆ మోడల్ నంబరు మిషన్ బిల్లుతో ఎంతకిస్తావని అడగాలి. పెట్టె మీద ఎమ్మార్పీ అని వేసే అంకె అంతకు మించి అమ్మకూడదని పెట్టిన హద్దు. ఆ ధరకి పనిముట్టు కొన్నవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఎవరూ కొనని ధరలోంచి 60 శాతం తగ్గిస్తే తగ్గింది ఏమిటి? రాణీగంజ్ ధర కంటే తగ్గితే తగ్గినట్టు. లేకపోతే పండగ పేరుతో మామూలు ధరే.

బిల్లుతో అని ఎందుకన్నానంటే, ఈ సరుకు మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకుండా ఇస్తే అంత తగ్గిస్తానని కొట్టువాడు చెవిలో ఊదుతాడు. బ్యాటరీ మిషన్‌కి మాత్రం ఆ పని చెయ్యకండి. మా రాలీవోల్ఫ్ అయితే వీధి చివర మెకానిక్కు బాగుచేసేవాడు. ఇప్పటి బ్యాటరీ లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, అది మొండికేస్తే బిల్లు చూపించి మార్పించుకోవడం తప్ప దారి లేదు. మిషన్‌కి ఇచ్చే వారంటీ బ్యాటరీకి కూడా ఉందో లేదో చూసుకోండి, చాలాచోట్ల రెండూ ఒకటి కావు.

అసలు కిటుకంతా ఈ బ్యాటరీలోనే ఉంది. మా అల్లుడు గారి తమ్ముడు, ఆయనా ఉత్సాహవంతుడే, పేరున్న కంపెనీ డ్రిల్లు సగం ధరకి దొరికిందని తెప్పించుకున్నాడు. పెట్టె విప్పితే మిషన్ ఉంది. బ్యాటరీ లేదు. ఛార్జరూ లేదు. కంపెనీని అనడానికి లేదు, ఒంటి మిషన్ అని చిన్న అక్షరాల్లో రాసే ఉంది. ఆ కంపెనీ బ్యాటరీలు ముందే ఇంట్లో ఉన్నవాడికి అది మంచి బేరం, లేనివాడికి ప్లాస్టిక్ బొమ్మ. తర్వాత బ్యాటరీ, ఛార్జరు విడిగా కొంటే అన్నీ కలిపి ఇచ్చే కిట్ కంటే ఎక్కువైంది. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు అంటారు చూడండి, అలా నడుస్తోంది ఈ వ్యాపారమంతా. నాడా నిజంగానే చవక.

అందుకే నేనైతే డ్రిల్లు ధర అడగను, బ్యాటరీ ధర అడుగుతాను. రెండు బ్యాటరీలూ ఛార్జరూ ఉన్న కిట్ ఎంత, అదే ఒంటి మిషన్ ఎంత, ఆ బ్యాటరీ విడిగా ఎంత. ఈ మూడూ కాగితం మీద వేస్తే ఎవరు ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నారో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పండగలప్పుడు నిజంగా బాగుండే బేరాలు దాదాపుగా రెండు బ్యాటరీల కిట్లే. ఎందుకంటే ఆ రెండు బ్యాటరీలూ మన ఇంట్లో చేరితే ఇక జన్మంతా మనం ఆ కంపెనీ వాళ్లమే. గ్రైండరు కావాలన్నా, జిగ్‌సా కావాలన్నా, ఆకులు ఊదే బ్లోయరు కావాలన్నా వాళ్ల దగ్గరికే వెళ్లాలి. వాడి బ్యాటరీ వీడి మిషన్‌కి పట్టదు.

వాడూ వీడూ అన్నానా, ఒకే వాడిదీ పట్టదు. బాష్‌లో పచ్చరంగువి ఇంటి వాడకానికి, నీలంరంగువి పనివాళ్లకి. రెండూ 18 వోల్టులే. పచ్చ బ్యాటరీ నీలం మిషన్‌లోకి పోదు. మకితాలో ఎల్‌ఎక్స్‌టీ అని ఒక వరస, దానికి పెద్ద కుటుంబం ఉంది. జీ సిరీస్ అని ఇంకో వరస, మన దగ్గర చవకగా దొరికే కిట్లలో ఇవీ ఉంటాయి. ఇదీ 18, అదీ 18, దీని బ్యాటరీ దానికి పట్టదు. జీ సిరీస్ కిట్ కొని, మురిసిపోయి, తర్వాత ఎల్‌ఎక్స్‌టీ గ్రైండరు తెచ్చుకున్నవాడి మొహం చూడాలి. డీవాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెకర్ ముగ్గురూ ఒకే యజమాని బిడ్డలు. వాళ్ల బ్యాటరీలూ ఒకదానికొకటి పడవు. మా రోజుల్లో బల్బు ఎవడిదైనా హోల్డరులో పట్టేది. ఎవరెడీ టార్చిలో ఏ కంపెనీ సెల్లు వేసినా వెలిగేది. ఇంత చదువుకున్నవాళ్లు, ఇన్ని దేశాలు తిరిగినవాళ్లు, ఒక బ్యాటరీ గాడి దగ్గర ఒక మాట మీదికి రాలేకపోయారు. రాలేకా, రానివ్వకా?

ఈ విషయంలో రయోబీ వాళ్లని మెచ్చుకోవాలి. 1996లో పెట్టిన బ్యాటరీ గాడి ఇప్పటికీ మార్చలేదు. ఆ సంగతి మా పెద్దాడు చెప్పాడు. వాడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ హోమ్ డిపోలో బ్యాటరీల కిట్ కొంటే ఒక మిషన్ ఉచితంగా ఇచ్చే బేరాలు వస్తుంటాయట. ఊరికే వస్తే నాకొకటి మా నాన్నకొకటి అన్నట్టు, "నాన్నా, నీకూ ఒకటి తెస్తున్నా" అని ఫోన్ చేశాడు. నేను వద్దన్నాను. వాడికి కోపం వచ్చింది. కోపం దేనికి? అక్కడి ఛార్జరు 120 వోల్టులది. ఇక్కడి 230లో పెడితే పండగ వెలుగు ఆ క్షణానికే. బ్యాటరీ పోతే ఇక్కడ మార్పించేవాడు లేడు. పైగా విమానంలో విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే తేవాలి, లగేజీలో వెయ్యకూడదు. అదైనా 100 వాట్ అవర్ల లోపైతేనే మామూలుగా రానిస్తారు. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అంటే 90, ఫర్వాలేదు. అదే 6 అయితే 108, విమానం వాళ్లని ముందే అడగాలి.

అమెరికా వాడి బేరాలు మనకి పడకపోవడానికి ఇంకో కారణం ఉంది. గోడ. డల్లాస్‌లో మావాడి ఇల్లు చెక్క చట్రం మీద జిప్సం పలక. నేను వెళ్లినప్పుడు వేలితో తట్టి చూశాను, డొల్లగా మోగింది. దానికి ఏ డ్రిల్లయినా చాలు, స్క్రూ నేరుగా దిగిపోతుంది. మన గోడ ఇటుక, సిమెంటు, దూలాలున్న చోట ఇనప చువ్వల కాంక్రీటు. వీడియోల్లో తెల్లవాడు వెన్నలో దింపినట్టు దింపుతుంటే చూసి కొనేస్తారు మనవాళ్లు. ఇంటికొచ్చాక బిట్టు గోడ మీద ఎర్రబడుతుంది, బెజ్జం మాత్రం పడదు. బాష్ వాళ్ల పేర్లలో ఈ రహస్యం మూడక్షరాల్లో ఉంటుంది. జీఎస్ఆర్ అంటే తిప్పడమే, చెక్కకీ స్క్రూలకీ. జీఎస్‌బీ అంటే తిప్పుతూ తట్టేది, ఇటుక గోడకి సరిపోతుంది. జీబీహెచ్ అంటే హ్యామర్ మిషన్, లోపల గాలి తోపుతో పిడిగుద్దు గుద్దుతుంది, కాంక్రీటుకి అన్నిటికంటే అదే మేలు. కర్టెన్ రాడ్డు బిగించేది కిటికీ పైన. అక్కడ ఉండేది లింటెల్, అంటే కాంక్రీటు. ఆ ఒక్క ముక్క తెలియక ఎన్ని ఇళ్లలో కొత్త డ్రిల్లులు అలిగి అటకెక్కాయో.

ఆ నూటొక్క సామాన్ల పెట్టె గురించి కూడా చెప్పి తీరాలి. అందులో బిట్లు మెత్తటి ఇనుము. రెండు బెజ్జాలకే మొన అరిగిపోతుంది, తప్పు మిషన్ మీద పడుతుంది. నూటొక్కటీ వద్దు. మొనకి కార్బైడ్ అతికిన మంచి గోడ బిట్టు 6 మిల్లీమీటర్లది ఒకటి, 8ది ఒకటి కొట్లో అడిగి తెచ్చుకుంటే పాత మిషనే కొత్త మిషన్‌లా పనిచేస్తుంది. ఈ ఒక్క మాట వింటే సగం మంది అసలు మిషనే కొనక్కర్లేదు.

బ్యాటరీల్లో నకిలీలు వేరే. పెద్ద కంపెనీ పేరు వేసి 6 ఆంపియర్ అవర్లని రాసి, అసలు ధరలో పావు వంతుకి అమ్ముతారు. చేతిలోకి తీసుకుంటే చాలు. మామూలు సన్న సెల్లు ఒక్కోటి 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు, బరువు సుమారు 45 గ్రాములు. మంచిదైనా అందులో మామూలుగా 3.5 ఆంపియర్ అవర్లకి మించి పట్టదు. అవి ఐదే ఉన్న ప్యాకులోకి 6 ఎక్కడినుంచి వస్తుంది? పది ఉండాలి. పది ఉంటే సెల్లుల బరువే దాదాపు అరకిలో. అసలుదీ నకిలీదీ పక్కపక్కన పెట్టి చేత్తో తూచితే తెలిసిపోతుంది. ఫోన్ తెర మీద దేన్ని తూస్తారు?

మీరు ఇవన్నీ విని, అయితే ఏం కొనమంటావు తాతా అంటారు. ఏడాదికి నాలుగు బెజ్జాలు వేసుకునే ఇంటికి తీగ ఉన్న మామూలు ఇంపాక్ట్ డ్రిల్లు చాలు, 500 వాట్లది. అంత మొండిది బ్యాటరీ డ్రిల్లుల్లో ఆ ధరకి రాదు. పదేళ్లు అటక మీద ఉంచి తీసినా ప్లగ్గులో పెట్టగానే తిరుగుతుంది. లిథియం బ్యాటరీ అలా కాదు, వాడకపోయినా ముసలిదవుతుంది, మన మే నెల ఎండలో బాల్కనీ అలమరలో పెడితే ఇంకా త్వరగా. ఇక అలమరలూ మంచాలూ విప్పి బిగించడం, పిల్లల సైకిళ్లు, తలుపు బందులు, ఇలా చేతులు ఊరుకోని మనిషికి మాత్రం రెండు బ్యాటరీల 12 వోల్టుల కిట్ ఒకటి కొనుక్కుంటే హాయి. ఇది నేను ఒప్పుకోవాలి, స్టూలెక్కి తలుపు పైబందు బిగించేటప్పుడు కాళ్లకి వైరు తగలకపోవడం ఈ వయసులో చిన్న సుఖం కాదు. కాకపోతే ఒక రంగు ఎంచుకుని దానికే కట్టుబడండి, మళ్లీ దసరాకి ఇంకో రంగు చవకగా వచ్చిందని చెయ్యి జాపకండి. రేపు అమ్మాలంటే పాత బ్యాటరీ మిషన్ ఎవడూ కొనడు. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి.

మా అపార్టుమెంటులో ప్రతి ఫ్లాటులోనూ ఒక డ్రిల్లు ఉంది. ప్రతి డ్రిల్లూ ఏడాదిలో ఎక్కువ భాగం పెట్టెలో పడుకునే ఉంటుంది. మా క్వార్టర్లలోలాగా అందరికీ కలిపి ఒక హ్యామర్ మిషనూ ఒక బ్యాటరీ మిషనూ కొందామని అసోసియేషన్ మీటింగులో ప్రతిపాదించాను. ఎవరి దగ్గర ఉంచాలి అన్నారు ఒకరు. బిట్టు విరిగితే ఎవరు కట్టాలి అన్నారు ఇంకొకరు. ఆ రెండూ తేలేలోపు బ్యాటరీ ఏ రంగుది అన్న ప్రశ్న వచ్చింది. పచ్చవాళ్లు పచ్చ అన్నారు, నీలంవాళ్లు నీలం అన్నారు, పసుపు డీవాల్ట్‌వాళ్లు లేచి బయటికి వెళ్లిపోయారు. చివరికి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఎవరూ డ్రిల్లు వాడకూడదని ఒక తీర్మానం చేసి లేచారు. ఆ తీర్మానం రాసిన బోర్డు లిఫ్టు పక్కన కాంక్రీటు గోడకి బిగించాల్సి వచ్చింది. అన్ని రంగులూ ప్రయత్నించి, ఆఖరికి వాచ్‌మన్ మా ఇంటికొచ్చి నా తీగ మిషన్ పట్టుకెళ్లాడు. మిషన్ తిరిగొచ్చింది. చక్ తాళం రాలేదు. అడిగితే, "ఇప్పటి మిషన్లకి తాళం ఉండదు కదా సారూ, ఇదేదో పాత ఇనప ముక్క అనుకుని పారేశారు పైవాళ్లు" అంటాడు.